గేటుకు కట్టిన పచ్చ పట్టీ

పదకొండింటికి పిలుస్తామన్నారు. పదకొండున్నర కావస్తోంది, పైపులక్క ఇంకా వసారాలో ప్లాస్టిక్ కుర్చీ అంచునే కూర్చుని ఉంది. కుర్చీ నిండా కూర్చుంటే ఒళ్ళు సడలుతుందని, ఒళ్ళు సడలితే కోపమూ సడలుతుందని ఆమె భయం. ఏడు నెలలుగా సాకుతున్న కోపం అది. వేళకు మేత వేసి, నీళ్ళు పెట్టి, ఎవరి కంటా పడకుండా కట్టేసి ఉంచి, ఇవాళ్టికి తోలుకొచ్చింది. ఆ తలుపు అవతల విచారణ సంఘం కూర్చుంది, మధ్యలో రిటైరైన జడ్జిగారు, ఆయనకు చెరో పక్క ఒకరు. తలుపు ఇవతల సాక్షులు. తన వంతు రాగానే లోపలికి వెళ్ళి నాలుగు మాటలు చెబుతుంది. ఆ నాలుగు మాటలకీ కరపత్రం సారు ఉద్యోగం, ఆయన కోసం సిద్ధంగా ఉన్న పై ఉద్యోగం, ఆ పల్చటి చిరునవ్వు, అన్నీ బూడిద కావాలి. బూడిద అన్న మాట దగ్గర ఆమె మనసు ఒక్క క్షణం ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది. అవును, బూడిదే. అంతకు తక్కువ సరుకు తనకు వద్దు.

ఎదుటి గోడకు మంటలార్పే సిలిండరు తగిలించి ఉంది. లేవకుండానే చూసింది, ముల్లు ఎర్ర గీత మీద వాలి ఉంది. లోపల ఒత్తిడి లేదు. అవసరానికి నొక్కితే ముసలాయన దగ్గినట్టు ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంటుంది. అడవి అంటుకుని పదకొండు మంది ఎందుకు పోయారో తేల్చే ఆఫీసులో వేలాడుతోంది ఇది. ఇంకో రోజైతే బంట్రోతును పిలిచి, ఏమయ్యా, దీన్ని గోడకు అందం కోసం పెట్టారా అని అడిగేది, సాయంత్రానికి కొత్తది అమ్మేది కూడా. ముప్ఫై ఏళ్ళుగా పైపులు, పంపులు, డ్రమ్ములు, తాళ్ళు అమ్మిన మనిషికి కళ్ళు ఊరుకోవు. దుకాణం మెట్టు ఎక్కుతుండగానే చెప్పేస్తుంది, వీడు ముప్పావు అంగుళం, వీడు అంగుళం, వీడు ధర అడిగి పోయే రకం. జడ్జిగారిని పోయిన వారం వెనక వరసలో కూర్చుని చూసింది. ఆయన అంగుళమున్నర, నీళ్ళు నిదానంగా వచ్చినా నిండుగా వస్తాయి. కరపత్రం సారు మాత్రం షోకేసులో చుట్టి పెట్టే రంగు పైపు, పొడుగ్గా, నిగనిగలాడుతూ, ఎప్పుడూ ఏ కొళాయికీ తగిలించనిది.

ఆయనకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ అతికినట్టు సరిపోయింది. అగ్ని ప్రమాదాల సన్నద్ధత అధికారిగా వచ్చిన మూడేళ్ళలో ఆయన ఊరికి ఇచ్చినవి కరపత్రాలే. కొండ వైపు చెట్లు కొట్టి ఖాళీ జాగా వదలండి సార్ అంటే, ఎండుటాకుల గురించి ఒక కరపత్రం. నీళ్ళ ట్యాంకు ఎండిపోయింది సార్ అంటే, నీటి పొదుపు గురించి ఒక కరపత్రం. ఆఖరికి తొమ్మిది అంశాల పెద్ద కరపత్రం వచ్చింది, రంగుల్లో, మందపాటి కాగితం మీద. దానితోపాటు ఇంటికొక పచ్చ గుడ్డ పట్టీ. ఇల్లు ఖాళీ చేశాక గేటుకు కట్టాలి. అది చూసి అగ్నిమాపక బండి ఆ ఇంటి దగ్గర ఆగకుండా, మనుషులున్న ఇంటికి వెళ్తుంది. ఆలోచన మంచిదే. ఆ మాట ఆమె ఇప్పటికీ అంటుంది, శత్రువు సరుకైనా మంచిదైతే మంచిదే. కానీ కరపత్రంలో మొదటి అంశం, పచ్చ పట్టీ గేటుకు కట్టండి. రెండోది గ్యాసు ఆపేసి సిలిండరు ఇంటికి దూరంగా పెట్టండి. మూడోది కప్పు మీద, చూరు గాడిలో ఎండుటాకులు తీసేయండి. నాలుగు, అయిదు, ఆరు, కిటికీల సందులు మూయండి, గోనెలు తడపండి, డ్రమ్ములు నింపండి. ఏడు, మందులూ కాగితాలూ సంచిలో పెట్టుకోండి. ఎనిమిది, కప్పు తడపండి. తొమ్మిది, ఇల్లు వదిలి వెళ్ళండి. ఖాళీ అయిన ఇంటికి కట్టే పట్టీ ఒకటో నంబరు, ఖాళీ చేయడం తొమ్మిదో నంబరు. చదువుకున్న వాళ్ళు నలుగురు కూర్చుని రాసిన కాగితం, మంత్రిగారు నవ్వుతూ విడుదల చేసిన కాగితం. ఊరంతా దాన్ని వంటింటి గోడకు అతికించుకుంది, ఎందుకంటే ఆ ఊరివాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులు, అంకె వేసి ఇస్తే అంకె ప్రకారం నడిచే మనుషులు.

తమ్ముడు మరీను. బడి వ్యాను నడిపేవాడు. పిల్లల్ని ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి, ఒక్కొక్కరి నెత్తి మీద అరచెయ్యి వేసి బయటికి లెక్కపెట్టేవాడు. కాగితం చూసి కాదు, నెత్తి తాకి. ఒకప్పుడు ఆ వ్యానులో ఆయా ఒకావిడ ముందే కాగితంలో టిక్కులన్నీ పెట్టేసుకుని తర్వాత పిల్లల్ని ఎక్కించేదట. ఒక రోజు టిక్కు ఉంది, పిల్ల లేదు. పిల్ల బడి గేటు దగ్గరే నిలబడి ఏడుస్తోంది. అప్పటి నుంచీ వాడికి ముందుగా పెట్టే టిక్కు అంటే పడదు. అందుకే పోయిన ఏడాది జరిగిన మాక్ డ్రిల్‌లో ఊళ్ళో ఎవరికీ కనబడనిది వాడికి కనబడింది. సైరను మోగింది, వీధి వీధంతా పరుగున వచ్చి గేట్లకు పచ్చ పట్టీలు కట్టేసింది, కట్టేసి మళ్ళీ లోపలికి వెళ్ళి ఆకులు ఊడుస్తోంది, డ్రమ్ములు నింపుతోంది. అధికారులు బండిలో తిరుగుతూ, భేష్, ఏడు నిమిషాల్లో వీధి ఖాళీ అని రాసుకున్నారు. తమ్ముడు గేటు దగ్గర నిలబడి నోరు తెరిచి చూశాడు. ఆ సాయంత్రం దుకాణానికి వచ్చాడు, చెమటకు చొక్కా వీపుకు అంటుకుని ఉంది, కౌంటరు మీద మోచేతులు పెట్టి...

వద్దు. అది ఇప్పుడు కాదు. పైపులక్క చీర కొంగు బిగించి లాక్కుంది. పక్క కుర్చీలో మరదలు తల తిప్పి, "ఏంటి వదినా, కళ్ళు తిరుగుతున్నాయా? నీళ్ళు తేనా?" అంది. వద్దని తల ఊపింది. మరదలి ఒళ్ళో ఫైలు ఉంది, ఏడు నెలలుగా ఆ పిల్ల చంటిబిడ్డను మోసినట్టు మోస్తున్న ఫైలు. దానిలో నష్టపరిహారం దరఖాస్తు మూడు ప్రతుల్లో ఉంది. సహాయ కేంద్రంలో గుమస్తా ఆ దరఖాస్తును ఇలా తిప్పి, అలా తిప్పి, కంప్యూటరులో చూసి, "ఆ ఇల్లు ఖాళీ అని నమోదైందమ్మా, మూడూ పది నిమిషాలకు. ఖాళీ ఇంట్లో మనిషి ఎలా పోతాడు?" అన్నాడు. మరదలు ఏడవలేదు. పైపులక్కా ఏడవలేదు. గుమస్తా మొహాన్ని బాగా చూసి పెట్టుకుంది, అంతే. తర్వాత వాడు ఒక రోజు దుకాణానికి వచ్చి మోటారు వాల్వు అడిగితే, అలమరలో పదహారు ఉన్నాయి, లేవు అంది. చిన్న పగ. చిల్లర పగ. అలాంటివి ఈ ఏడు నెలల్లో చాలా తీర్చుకుంది. తమ్ముడి శవాన్ని బయటికి తెస్తుంటే వీడియో తీసిన వాడికి తాళ్ళు అమ్మలేదు. మంటలారిన మూడో రోజున మంత్రిగారి కారు వెనక బ్యానరు కట్టుకుని తిరిగిన ట్యాంకరు వాడి వైపు కన్నెత్తి చూడలేదు. కానీ చిల్లర ఎంత పోగేసినా పెద్ద నోటు కాదు. పెద్దది ఒకటే ఉంది, అది ఆ తలుపు అవతల, మెడ దాకా బొత్తాం పెట్టుకుని కూర్చుంది.

వసారా చివర నుంచి నిద్రమొహం వచ్చి ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. తమ్ముడి పక్కింటివాడు, కార్ల వర్క్‌షాపులో రంగులు వేస్తాడు, పని లేని పూట పడుకునే ఉంటాడు, అందుకే ఆ పేరు. ఆ రోజూ పడుకునే ఉన్నాడు. గాడిలో ఆకులు తియ్యలేదు, డ్రమ్ము నింపలేదు, కరపత్రం మడిచి బల్ల కాలు కింద పెట్టాడు బల్ల ఊగకుండా. వాడి గేటుకు పట్టీ లేదు గనుక బండి ఆగింది, తలుపు పగలగొట్టి భుజాన వేసుకుని తీసుకెళ్ళారు. ఊళ్ళో అన్నీ సరిగ్గా చేసిన మనిషి పోయాడు, ఏదీ చెయ్యని మనిషి ఎదురుగా కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాడు. వాడి మీద ఆమెకు పగ లేదని చెప్పుకుంటుంది గానీ ఉంది, కొబ్బరి పీచులో నిప్పులా లోపల్లోపల.

"అక్కా, లోపల ఏం అడుగుతారు?"

"ఎందుకు బతికున్నావని అడుగుతారు."

"ఊరుకో అక్కా. నిజంగా చెప్పు."

"పట్టీ ఎందుకు కట్టలేదని అడుగుతారు. ఏం చెప్తావు?"

వాడు మరదలి వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ దాన్ని స్టవ్ తుడవడానికి తీసింది అక్కా. నీ గుడ్డే కదా, గట్టిది, నీళ్ళు బాగా పీలుస్తుంది. అదే చెప్పనా?"

అంత కోపంలోనూ ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. నీ గుడ్డే కదా. అవును, తన గుడ్డే. ఊరి మొత్తానికీ పట్టీలు తనే సరఫరా చేసింది, కత్తిరించి, అంచులు కుట్టించి, కరపత్రంతో కలిపి కట్టలు కట్టించి. మంచి గుడ్డ వేసింది, వానకూ ఎండకూ రంగు దిగనిది. తమ్ముడి గేటు మీద ఆ పట్టీ చెక్కు చెదరలేదు. గేటు నల్లగా మాడింది, పక్కన మల్లె పందిరి పోయింది, ఇల్లు మాత్రం నిలబడింది, వాడు అంత బాగా తడిపాడు. పట్టీ ఒక అంచున కాస్త కమిలి, మిగతాదంతా పచ్చగా, బ్రహ్మాండంగా, సరుకు తప్పు కాదని చెబుతున్నట్టుగా ఉంది.

"ఇంకోటి ఉంది అక్కా," అన్నాడు నిద్రమొహం, చేతుల వైపు చూసుకుంటూ. "ఇది నీకు చెప్పలేదు. నన్ను మోసుకెళ్తున్నప్పుడు నేను అరిచాను, పక్కింట్లో పంపు ఆడుతోంది, మనిషి ఉన్నాడేమో చూడండి అని. బండివాళ్ళలో ఒకాయన ఆగాడు కూడా. పట్టీ ఉంది కదా అన్నాడు రెండో ఆయన. ఆఫ్ చెయ్యడం మర్చిపోయి వెళ్ళి ఉంటారు అన్నాడు. నేను ఇంకాస్త గట్టిగా అరవాల్సింది. పొగ అక్కా, గొంతు రాలేదు. అది లోపల చెప్పనా, వద్దా?"  మరదలు ఫైలులోకి మొహం దించేసుకుంది.

"చెప్పు," అంది పైపులక్క. "గట్టిగా చెప్పు." ఏడు నెలలు వాడి మీద దాచిపెట్టుకున్న నిప్పు మీద ఎవరో చెంబెడు నీళ్ళు పోసినట్టయింది. పంపు ఆడుతోందని అరిచిన మనిషి ఒకడైనా ఉన్నాడు. ఆ పంపు తను ఇచ్చిందే. కరెంటు పోయినా ఆడే పెట్రోలు పంపు, కొంచెం చప్పుడు ఎక్కువ, మిగతాదంతా బంగారం అని చెప్పి ఇచ్చింది. ఆ చప్పుడులో వాడికి వీధిలో మైకు వినబడలేదు. కొండ వైపు గాలి మారి పొగ ఒక్కసారిగా కిందికి దిగింది. స్నానాల గదిలో నేల మీద దొరికాడు, తడి గోనె కప్పుకుని, వంటి మీద ఒక్క బొబ్బ లేకుండా. వంటింటి గోడ మీద కరపత్రం, పెన్సిలుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా టిక్కులు. వాడి అలవాటే, పని అయ్యాకే టిక్కు. ఎనిమిది పనులూ అయ్యాయి. తొమ్మిదో దాని ఎదురుగా ఏమీ లేదు.

తలుపు తెరిచి బంట్రోతు నిద్రమొహాన్ని పిలిచాడు. వాడు లేచి, చొక్కా లాక్కుని, ఆమె కాళ్ళ వైపు వంగబోయి, వంగకుండానే వెళ్ళిపోయాడు. తలుపు మూసుకునే సందులోంచి కరపత్రం సారు కనబడ్డాడు, వాంగ్మూలం ఇచ్చేసిన వాళ్ళ వరసలో, కాలు మీద కాలు వేసుకుని. పోయిన వారం ప్రమాణం చేసి ఆయన అన్న మాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. "కరపత్రం మీద ఈ మూడేళ్ళలో ఒక్క అభ్యంతరం కూడా మా దృష్టికి రాలేదు." ఒక్కటి కూడా. అన్నప్పుడు గొంతు కూడా సర్దుకోలేదు. అప్పుడే లేచి అరుద్దామనుకుంది, అబద్ధం, నేను వచ్చాను, నీ గదిలో నీ ఎదురుగా కూర్చుని చెప్పాను, మీ ఒకటో అంశం తొమ్మిదో అంశం కావాలని చెప్పాను. కాళ్ళు లేవలేదు. కోపంతో లేవలేదని ఇంటికెళ్ళాక మరదలితో చెప్పింది. మరదలు నమ్మింది. ఆ పిల్ల ఏది చెప్పినా నమ్ముతుంది, తమ్ముడూ అంతే, ఆ ఇంట్లో అందరూ పైపులక్క చెప్పిందంటే చాలనుకునే వాళ్ళే.

నోరు ఎండిపోయింది. లేచి వసారా మలుపులో ఉన్న నీళ్ళ యంత్రం దగ్గరికి నడిచింది. కాగితం గ్లాసు పట్టుకుని నొక్కుతుండగా వెనక నుంచి కరపత్రం సారు గొంతు. లోపల నుంచి పక్క తలుపున వచ్చినట్టున్నాడు.

"బాగున్నారా అమ్మా?"

ఆమె గ్లాసు నిండేదాకా తిరగలేదు.

"మీ బాధ నాకు తెలుసు. నాకూ ఒక తమ్ముడున్నాడు." ఆగాడు. గొంతులో నూనె ఉంది, కానీ దాని కింద ఏదో కిర్రుమంటోంది. "ఆ రోజు మనం నా గదిలో ఏవో మాట్లాడుకున్నాం. ఎవరేమన్నారో నాకు సరిగ్గా గుర్తులేదు. మీకూ గుర్తుండి ఉండదు. అలా ఉండటమే ఇద్దరికీ మంచిదమ్మా. ఇంట్లో వాళ్ళు... మీ మరదలు పాపం చిన్నమ్మాయి. ఇప్పటికే బోలెడు కష్టంలో ఉంది. మీ మాట నా నోటి వెంట రాదు. ఆ హామీ నాది."

"మీ హామీలు గట్టివి సార్," అంది ఆమె. "అచ్చు వేయించి మరీ ఇస్తారు."

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు గచ్చు మీద ఒకేలా, తొందర లేకుండా. బేరం. ఎంత చక్కగా పెట్టాడు బేరం, తను కూడా అంత చక్కగా పెట్టలేదు. నువ్వు నా సంగతి మూసిపెట్టు, నీ సంగతి నేను మూసిపెడతాను, సరుకూ సరుకూ సరి. వ్యాపారంలో దిగిన నాటి నుంచీ ఇంత సూటిగా కుదిరిన బేరాన్ని ఆమె కాదనలేదు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోయి చీర కుచ్చిళ్ళు తడిశాయి, గ్లాసు నలిగిపోయిందని అప్పుడు చూసింది.

మళ్ళీ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఇక ఆపలేకపోయింది. తమ్ముడు కౌంటరు మీద మోచేతులు పెట్టి నిలబడ్డాడు. "అక్కా, పట్టీ ముందు కట్టించడం ఏంటక్కా, మనుషులు లోపలే ఉంటున్నారు, నువ్వు ఆ ఆఫీసుకు వెళ్తుంటావుగా, చెప్పు." సరే అంది. మర్నాడే వెళ్ళింది, చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, అది నిజం. "చివరి పని ఎవరూ చెయ్యరమ్మా కంగారులో, అందుకే మొదట పెట్టాం," అన్నాడు, "కానీ మీరు చెప్పింది కూడా ఆలోచించాల్సిందే." టీ తెప్పించాడు. "ఒకటే ఇబ్బంది. డ్రిల్‌లో రెండు వీధులకే పంచాం, మిగతా ఊరి కట్టలన్నీ సిద్ధంగా ఉన్నాయి. మార్చాలంటే అన్నీ విప్పి, మళ్ళీ అచ్చు వేయించి... అందాకా మీ పట్టీలు మీ గోడౌన్‌కే పంపించేస్తాను, వచ్చే వేసవి దాకా ఉంచండి. ఏం చేద్దామంటారు?" అడిగింది ఆయన. జవాబు చెప్పింది తను. ఆ జవాబు ఏడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పూర్తిగా అనుకోలేదు, మొదటి మాట దగ్గరే మనసును పక్కకు లాగేసింది. ఇప్పుడు లాగలేదు. గోడౌన్‌లో చోటు లేదని గుర్తొచ్చింది, గుడ్డకు పురుగు పడుతుందని గుర్తొచ్చింది, టీ బాగుంది, ఆయన అంత మర్యాదగా అడిగాడు, తను నవ్వింది. నవ్వి, "పోనీండి సార్, పంచేయండి. మా తమ్ముడికి ప్రతిదాంట్లోనూ అనుమానమే," అంది.

అంతే. ఆయన కూడా నవ్వాడు. ఇద్దరూ కలిసి ఆ చెమట చొక్కా మనిషి మీద నవ్వారు.

అంతటితో ఆగినా బాగుండేది. సాయంత్రం వాడు ఫోను చేసి ఏమైందని అడిగితే, చెప్పానురా, చూసుకుంటారట అంది. "పట్టీ ఉన్నా లోపలికి తొంగి చూడమని బండివాళ్ళకు చెప్పారట, నువ్వు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యి, నీ సొంత తెలివి పెట్టకు" అంది. ఎవరూ చెప్పలేదు అలాగని. అప్పటికప్పుడు నోటికొచ్చింది, కొనేవాడు ఇంకా సందేహిస్తుంటే ఒక మాట వేసి పొట్లం కట్టేసినట్టు. వాడికి అదే చాలు, అక్క చెప్పింది. వేసవి వచ్చింది, మూడు రోజులు ఆకాశం రాగి రేకులా ఉంది, ఊరంతా దుకాణం మీద పడింది, మాస్కులు, పైపులు, బకెట్లు. ఒంటిగంటకు వాడి ఫోను. "నీ మరదల్నీ పాపనీ కారులో పంపించేశాను అక్కా. కప్పు తడిపేసి నేనూ బండి మీద వచ్చేస్తా. పట్టీ కట్టేశాను." కట్టేశాను అన్నాడు. విన్నది. చెవికీ భుజానికీ మధ్య ఫోను, చేతిలో పైపు, ఎదురుగా ఎనిమిది మంది. సరే సరే, తొందరగా రా అంది. విప్పెయ్యరా అని ఒక్క మాట అంటే సరిపోయేది. మూడూ పదికి అగ్నిమాపక బండి వాడి గేటు దాటినప్పుడు తను ఎవరికో పన్నెండు మీటర్లు కొలుస్తోంది. జాగ్రత్తగా ఉండండి అని సర్కారు సందేశం సెల్‌ఫోన్లకు నాలుగూ నలభైకి వచ్చింది.

ఇదీ ఆ నాలుగు మాటల బరువు. ఆయన్ని ముంచాలంటే, వెళ్ళి చెప్పాను అనాలి. చెప్తే ఏమన్నారు అంటారు. మీరేమన్నారు అని తర్వాత అడుగుతారు, ఆ జడ్జి అడగకుండా వదిలే మనిషి కాదు. ఆ గదిలో ఉన్నది ఇద్దరే. ఆయన అన్నది చెప్పాలంటే తను అన్నదీ చెప్పాలి. సగం చెప్పి సగం దాచుకునే వీలు లేదు. ఇటు ఏమీ చెప్పకపోతే, ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఆయన పై ఉద్యోగానికి వెళ్తాడు. ఒకటో అంశం ఒకటో అంశంగానే ఉంటుంది. తను సాయంత్రం మరదలి ఇంటికి వెళ్తుంది, మేనకోడలు వీధి చివరి నుంచే అత్తా అని పరిగెత్తుకొస్తుంది, మరదలు చెయ్యి కడుక్కోమని నీళ్ళిస్తుంది. మిగిలిన కుటుంబం అదొక్కటే. ఆ గడప ఇప్పుడు ఆయన జేబులో ఉంది, ఆయనకు నచ్చినంత కాలం. ఆ ఆలోచన దగ్గరే ఆమె ఒంట్లో ఏదో తిరగబడింది. తమ్ముడి మీద ఒకసారి తనతో కలిసి నవ్విన మనిషి. ఇప్పుడు వాడి పెళ్ళాం, వాడి కూతురు కూడా ఆ నవ్వులో పొట్లం కట్టి తన చేతికి ఇస్తాడా? తను పుచ్చుకుని దండం పెట్టాలా? మండింది. ఏడు నెలల్లో మండనంత మండింది, అయితే ఈసారి మంట ఒక వైపే లేదు. తన మీద తనకు ఉన్న పగ ఎంత పెద్దదో ఆమెకు అప్పుడే తెలిసింది, కరపత్రం సారు మీద ఉన్నదానికి అంగుళం కూడా తక్కువ లేదు. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడి కోసం సాకుతున్నాననుకుంది.

తలుపు తెరుచుకుంది. నిద్రమొహం ఎర్రటి కళ్ళతో బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు. "చెప్పేశాను అక్కా," అన్నాడు. "పంపు సంగతి అంతా." బంట్రోతు ఆమె వైపు వేలు చూపించి, రండి అన్నాడు.

"నేనిక్కడే ఉండనా వదినా?" అంది మరదలు. "నువ్వు ఆయన గురించి చెప్తుంటే నేను వినలేనేమో."

దారి దొరికింది. ఉండమ్మా, నీళ్ళు తాగు, నేను వచ్చేస్తా అంటే చాలు. ఒక మాట వేసి పొట్లం కట్టేయడం ఆమెకు ఎంత సేపు. నోటి దాకా వచ్చింది కూడా.

"లేదు," అంది. "రా. వినాల్సింది నువ్వే."

లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి, కాగితాల వాసన. ఎవరో ముందు వరస కుర్చీ చూపించారు. మరదలు ఫైలు పట్టుకుని వెనక వరసలోకి వెళ్ళింది. ఎడమ పక్క కరపత్రం సారు కాలు మీద కాలు వేసుకుని, ఆమెను చూసి, తెలిసిన వాళ్ళను చూసినట్టు చిన్నగా తల వంచాడు. ప్రమాణం చేయించారు. వృత్తి అడిగారు, చెప్పింది. చనిపోయిన వ్యక్తి ఏమవుతారు అన్నారు, తమ్ముడు అంది. కరపత్రం గురించి మీరు ఎప్పుడైనా ఏ అధికారితోనైనా మాట్లాడారా అని జడ్జిగారు అడిగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, రోజూ అడిగే ప్రశ్న అడిగినట్టు.

"మాట్లాడాను," అంది. "ఆ కూర్చున్న సారుతో, ఆయన గదిలో. పట్టీ చివర కట్టించాలని మా తమ్ముడు చెప్పి పంపితే వెళ్ళి చెప్పాను. ఒక్క అభ్యంతరం కూడా రాలేదని ఆయన పోయిన వారం మీ ముందు అన్నది అబద్ధం."

కరపత్రం సారు కాలు దించాడు. ఆ చప్పుడు ఆమె చెవికి తియ్యగా తగిలింది. ఎంత కాలంగా ఎదురు చూసిందో ఆ చప్పుడు కోసం. ఆయన పక్కనున్న లాయరు అప్పుడే లేస్తున్నాడు, ఆయన చెవిలో ఏదో విని, తల ఊపి, గొంతు సవరించుకుంటున్నాడు. ఆ ప్రశ్న వాళ్ళ నోటి నుంచి రానివ్వదలచుకోలేదు ఆమె.

"ఆగండి బాబూ, నేనే చెప్తాను," అంది. "మార్చమంటే పట్టీలు నా గోడౌన్‌కే తిరిగొస్తాయి, ఏం చేద్దామంటారు అని సారు అడిగారు. పోనీండి, పంచేయండి, మా తమ్ముడికి ప్రతిదాంట్లోనూ అనుమానమే అని నేనన్నాను. అని నవ్వాను. ఆయనా నవ్వారు. ఆ తర్వాత మా తమ్ముడికి ఇంకో అబద్ధం చెప్పాను, అది నమ్మి వాడు పట్టీ ముందు కట్టాడు. అదీ చెప్తాను. రాసుకోండి."

టైపు చేసే ఆయన వేళ్ళు ఆగి, మళ్ళీ కదిలాయి. కరపత్రం సారు మొహంలో రంగు లేదు, షోకేసు పైపు మొదటిసారి కొళాయికి తగిలి ఉబ్బి పగిలినట్టుంది. ఆమె దాన్ని తనివితీరా చూసింది. వెనక వరసలో కుర్చీ ఒకటి గచ్చు మీద గీసుకుంది. ఫైలు జారి కాగితాలు నేల మీద పరుచుకున్న చప్పుడు. ఎవరూ ఏరడం లేదు. అడుగులు తలుపు దాకా వెళ్ళాయి, తలుపు తెరుచుకుంది.

పైపులక్క తల తిప్పలేదు. "ఒంటిగంటకు వాడు ఫోను చేశాడు," అని మొదలుపెట్టింది.